శిలాజాల నాన్న

శిలాజాల నాన్నను గుర్తుపట్టడం తేలిక. వెడల్పు అంచుల టోపీ, భూతద్దం, ఆన్‌లైన్‌లో తెప్పించిన సుత్తి ఆయనవి. మంచినీళ్ల సీసా, బిస్కెట్ల ప్యాకెట్టు, “ఇంటికెప్పుడెళ్దాం నాన్నా?” అన్న ప్రశ్న పిల్లాడివి. “వీడికి డైనోసార్లంటే ప్రాణమండీ, వీడి కోసమే ఇదంతా” అని అపార్టుమెంటులో అందరికీ చెబుతాడు. ఎవరి కోసమో సామాను చూస్తేనే తెలుస్తుంది. నలభై ఏళ్ల మనిషి ఒంటరిగా గుట్ట మీద బోర్లా పడుకుని రాళ్లు గీకితే ఊరు ఊరుకోదు. పక్కన పిల్లాడుంటే మాత్రం “పాపం, చదువు చెబుతున్నాడు” అంటుంది. అందుకే ఈ శిలాజాల వేటలో పిల్లాడు శిష్యుడు కాదు, అనుమతిపత్రం.

రుజువు కావాలంటే ఆయన ఎంచుకునే చోటు చూడండి: హైదరాబాద్ పక్క గ్రానైటు గుట్టలు. భూగర్భంలో కరిగిన రాతి ద్రవం దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట చల్లారి గట్టిపడితే ఏర్పడిన రాయి అది. అప్పటికి ఎముకలున్న ప్రాణే పుట్టలేదు. శిలాజాలకు బురద, ఇసుక పొరలుగా పేరుకున్న రాళ్లుండాలి. అవి గోదావరి లోయలో ఉన్నాయి. అంత దూరమెళ్తే సాయంత్రానికి ఇల్లు చేరడం ఎలా? అయినా ఆయన ఉత్తచేతులతో రాడు. పగులులో నల్లటి కొమ్మలు కనబడగానే “ఫెర్న్ ఆకు!” అని కేక పెడతాడు. అది మాంగనీసు ఖనిజం రాతి సందుల్లో పాకి వేసిన ముగ్గు. “ఉత్త రాయేగా నాన్నా” అన్న పిల్లాడే ఆ పూట భూగర్భ శాస్త్రవేత్త.

“మరి శిలాజాల వేటలో పేరు తెచ్చుకున్న మేరీ ఆనింగ్?” అని ఆయన ఎదురడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. ఇంగ్లండులోని లైమ్ రీజిస్ తీరంలో, చెక్క సామాను చేసే ఆమె తండ్రి పిల్లలను వెంటబెట్టుకెళ్లి శిలాజాలు ఏరడం నేర్పాడు. అయితే ఆ ఏరుడు అమ్ముకోవడానికి. సరదా లెక్కలోకి రాదు. పైగా ఆ తండ్రి 1810లో పోయాడు. ఇక్తియోసార్ అనే సముద్ర సరీసృపం పుర్రె మేరీ అన్న జోసెఫ్ కంట పడింది 1811లో, మిగతా అస్థిపంజరం మేరీకి దొరికింది 1812లో. రెండుసార్లూ పక్కన నాన్న లేడు. ఇది కారణమని అనను, గమనించమంటాను.

పిల్లాడికి శాస్త్ర దృష్టి అబ్బుతుందంటారా? అబ్బుతుంది, నాన్న కాసేపు నోరు కట్టేసుకుంటే. నేలకు దగ్గరగా ఉండే కళ్లు వాడివే, తొందర లేనిదీ వాడికే. నిజంగా వాడి కోసమే అయితే హైదరాబాద్‌లోనే బిర్లా సైన్స్ మ్యూజియం ఉంది. గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన ఎముకలతో నిలబెట్టిన కోటసారస్ డైనోసార్ అక్కడుంది. ఆయన ఇంతవరకూ వాణ్ణి అక్కడికి తీసుకెళ్లలేదు. అక్కడ సుత్తికి పనిలేదు.