నేరం నాది కాదు, రెండో సిలిండర్‌ది

పాత కారు కొనేవాళ్లు టైర్లు తన్ని చూస్తారు, డిక్కీ తెరిచి మూస్తారు, ఏసీకి మొహం పెడతారు. కిందికి వంగి నన్ను చూసినవాళ్లు తక్కువ. ఇంజిను నుంచి సైలెన్సర్‌కి పోయే గొట్టంలో కాస్త ఉబ్బెత్తుగా కనిపించే స్టీలు డబ్బాను నేను. పేరు క్యాటలిటిక్ కన్వర్టర్. బతికున్నన్నాళ్లూ చప్పుడు చేయను, చప్పుడు చేశానంటే నా పని అయిపోయినట్టే.

డబ్బా కోస్తే లోపల పింగాణీ దిమ్మ ఉంటుంది, తేనెపట్టులా నిండా సన్నటి గదులతో. ఒక్కో చదరపు అంగుళానికి నాలుగు వందల గదులుండటం మా జాతిలో మామూలే. గోడల మీద పూత, ఆ పూతలో ప్లాటినం, పల్లేడియం, రోడియం. అన్నీ కలిపినా కొన్ని గ్రాములే. ఇంజిను వదిలే కార్బన్ మోనాక్సైడు, కాలని పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఈ గదుల్లోంచి వెళ్తూ బొగ్గుపులుసు గాలిగా, నీటి ఆవిరిగా, మామూలు నైట్రోజన్‌గా మారిపోతాయి. సుమారు మూడు వందల డిగ్రీల వేడి ఎక్కితే గానీ నాకు పని సాగదు.

పూతలో సీరియం కూడా ఉంటుంది. ఆక్సిజన్ ఎక్కువైనప్పుడు దాచుకోవడం, తక్కువైనప్పుడు ఇవ్వడం దాని పని. భీమిలి నుంచి కళింగపట్నం, భావనపాడు దాకా మన తీరంలో నల్లగా మెరిసే ఇసుక చూసే ఉంటారు. అందులోని మోనజైట్ అనే ఖనిజంలో ఉండే లోహాల్లో ఎక్కువది ఈ సీరియమే. నాలో ఉన్నది ఏ దేశపు ఇసుకదో గానీ, ఈ తీరం వెంట తిరిగినప్పుడల్లా చుట్టాల ఊరిలాగే ఉండేది.

మా వంశానికి మూలపురుషుడు యూజీన్ హౌద్రీ అనే ఫ్రెంచి ఇంజనీరు. అమెరికాలో ఉంటూ 1950ల్లో మమ్మల్ని తయారు చేశాడు. పెట్రోల్లో సీసం కలిపే రోజులవి. సీసం మాకు విషం, పూత మీద పేరుకుని మమ్మల్ని పనికిరాకుండా చేస్తుంది. అందుకే 1975 మోడల్ అమెరికా కార్లతో గానీ మాకు గిరాకీ రాలేదు. ఇండియాలో 1995 ఏప్రిల్ నుంచి ఢిల్లీ, ముంబై, కలకత్తా, మద్రాసు నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు మేము తప్పనిసరి అయ్యాం. కలకత్తా, మద్రాసులను కలిపే రోడ్డు ఇచ్ఛాపురం దగ్గర మన రాష్ట్రంలోకి వచ్చి శ్రీకాకుళం మీదుగానే పోతుంది. రెండు కొసల్లోనూ సీసం లేని పెట్రోలు, నడుమ మాత్రం ఏ బంకులో ఏది పోస్తారో అడిగి పోయించుకోవాల్సి వచ్చేది. 2000 నాటికి దేశమంతా సీసం పోయాకే మా తరం ఇక్కడ నిశ్చింతగా తిరిగింది.

నేను 2017లో, బీఎస్-4 బండిలో విశాఖపట్నం రోడ్డెక్కాను. మొదటి ఓనరు ఉద్యోగి, బండిని బాగానే చూసుకున్నాడు. కొన్నేళ్లకి రెండో సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్ నీరసపడింది. ప్లగ్గులో స్పార్కు ఒకసారి వచ్చి ఒకసారి రాకపోతే ఆ సిలిండర్లో పెట్రోలు కాలదు. కాలని పెట్రోలు నేరుగా నా దగ్గరికొచ్చి, వేడెక్కి ఉన్న నా కడుపులో మండుతుంది. వెయ్యి డిగ్రీలు దాటాక నా పూత చెడుతుంది, అదే ముదిరి పధ్నాలుగు వందలు దాటితే పింగాణీయే కరిగి గదులు మూసుకుపోతాయి. సిలిండర్లో పెట్రోలు ఇలా కాలకపోవడాన్ని షెడ్డు భాషలో ‘మిస్సింగ్’ అంటారు. ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే తీరిక చూసుకుని షెడ్డుకి పోవచ్చు. టపటపా కొట్టుకుంటే మాత్రం, ఆ క్షణాన నా కడుపు కాలుతోందని అర్థం, వేగం తగ్గించి బండి ఆపాలి.

అమ్మకానికి పెట్టే ముందు ఎవరో స్కానర్ తగిలించి, లోపాన్ని చూపే కోడ్ చెరిపేశారు. డ్యాష్‌బోర్డు నున్నగా కనిపించింది. అలాంటి బండికి కూడా స్కానర్ పెట్టిస్తే ‘స్వీయ పరీక్షలు పూర్తికాలేదు’ అని చూపిస్తుంది, కోడ్ ఈమధ్యే చెరిపారని పట్టేయొచ్చు. బండి కొన్న ఆమదాలవలస మాస్టారు అంతదూరం ఆలోచించలేదు. పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, అరసవల్లి తీసుకెళ్లారు.

లైటు మళ్లీ వెలిగింది. మాస్టారు దాన్ని సర్వీసు గుర్తుచేసే లైటనుకున్నారు. బ్యాటరీ దిగిన రోజుల్లో పిల్లలు వెనకనుంచి నెట్టి స్టార్ట్ చేయించేవారు, అప్పుడూ కాలని పెట్రోలు నా నెత్తినే. రోజురోజుకీ నా ఒళ్లు కాగిపోతోంది. కోతల కాలంలో పల్లెదారుల్లో నూర్పుడికి ఉలవలూ చోళ్లూ రోడ్డు మీదే పరుస్తారు కదా, ఆ ఎండు కంప మీద ఆపితే అంటుకుంటుందేమోనని నా భయం నాది.

గుట్టు బయటపడింది సాలూరు ఘాట్‌లో. పెళ్లికని కోరాపుట్ బయల్దేరారు. సాలూరు లారీలకు పేరున్న ఊరు, సుంకి ఎక్కే దారిలో వాటికి కొదవ లేదు. లోడు లారీలు కూడా మమ్మల్ని దాటిపోయాయి. నాలో సగం గదులు మూసుకుపోయి పొగ బయటికి పోవడం లేదు, పొగ పోకపోతే ఇంజినుకి కొత్త గాలి అందదు. మాస్టారు సెకండ్ గేరు వేసి ఎంత తొక్కినా బండి మూలుగుతోందే తప్ప లాగదు. వెనక సీటులో అమ్మగారు కుళ్లిన గుడ్ల కంపు అంటూ ముక్కు మూసుకున్నారు. పెట్రోల్లోని గంధకం నా దగ్గర అలా కంపుగా మారింది.

మర్నాడు చిలకపాలెం దగ్గరి షెడ్డులో గుంటడు కిందికి దూరి, రబ్బరు సుత్తితో నన్ను రెండు దెబ్బలు కొట్టాడు. “గురూగారూ, లోపల గలగలమంతంది.” మేస్త్రి స్కానర్ పెట్టాడు. రెండు కోడ్లు వచ్చాయి. ‘పీ0420’ అంటే కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని, ‘పీ0302’ అంటే రెండో సిలిండర్ మిస్సింగ్ అని. నా ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ కంతలో ప్రెషర్ గేజ్ బిగించి చూశాడు. బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు ఒకటిన్నర పీఎస్‌ఐ లోపుండాల్సిన ముల్లు చాలా పైకెక్కి కూర్చుంది.

అంతటితో నా పేరు రాసేసి ఊరుకోలేదతను. రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడోదానికి, మూడోది రెండోదానికి మార్చి బండి స్టార్ట్ చేశాడు. కాసేపటికి కోడ్ ‘పీ0303’ అయింది. మిస్సింగ్ కాయిల్‌తోపాటే నడిచి వెళ్లింది! డిప్‌స్టిక్ లాగి ఆయిల్ కూడా చూశాడు. ఇంజిను ఆయిల్ తాగుతుంటే అందులోని భాస్వరం, జింకు నన్ను చంపగలవు. ఆయిల్ మట్టం సరిగ్గానే ఉంది.

“బండి కొన్నప్పుడు స్కానర్ ఎట్టించి సూసుకున్నారా మాస్టారూ?”

“లేదయ్యా. అప్పుడు లైటు వెలగలేదు.”

“లైటు ఎలగనేదంటే జబ్బు నేదని కాదండి. ఎవులో కోడు చెరిపీసినారు.”

మాస్టారి బావమరిది అందుకున్నాడు. “ఎందుకు బావా అంత డబ్బు? రాడ్డు ఎట్టి లోపలంతా పొడిపించీసి, ఖాళీ డబ్బా బిగించీండి. పికప్ దానంతటదే వచ్చీస్తాది.”

“పికప్ వస్తాదండి,” అన్నాడు మేస్త్రి. “పొల్యూషన్ చెకింగ్‌లో ఏటి సెప్తారు మరి?” బీఎస్-4 పెట్రోలు కారు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. గుల్ల డబ్బాతో అది జరిగే పని కాదు. పైగా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. “అలాగని రేపే కొత్తదేసినా కాయిల్ మార్చకపోతే దాన్నీ కాల్చీస్తాదండి. ముందు కాయిల్, ప్లగ్గులు. మిస్సింగ్ పోయిందని తేలినాక కన్వర్టర్.”

ఇదే నా వాదన కూడా. ‘పీ0420’ అనే కోడ్ పడిపోయినవాడి పేరు చెబుతుంది గానీ తోసినవాడి పేరు చెప్పదు. పొగ గొట్టంలో ఇంజినుకి దిగువన నిలబడ్డందుకు ఎగువవాళ్లు చేసిన తప్పులన్నీ నా ఖాతాలో పడతాయి. ఇంజిను సరిగా నడిస్తే బండితో సమానంగా బతికేవాళ్లం మేము, మాకు వేరే ఆయుష్షు లెక్క లేదు.

కాయిల్, ప్లగ్గులు మారాయి. మిస్సింగ్ పోయిందని రూఢి చేసుకున్నాక విశాఖ నుంచి నా తర్వాతివాడు అట్టపెట్టెలో దిగాడు. నన్ను విప్పి షెడ్డు మూల పడేశారు. పాతిరుము కొనేవాడు వచ్చి తూకం లెక్కన ఇచ్చేయమన్నాడు. “ఇనుము లెక్క కాదురా, లోపల ప్లాటినం ఉంది” అన్నాడు మేస్త్రి. ఆ మాట చెవిన పడేసరికి మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. బండిలో ఉన్నన్నాళ్లూ నా పేరే ఎరగని మనిషి, పావుగంటసేపు నా కోసం బేరమాడారు.