శ్రీమచ్ఛలభవిజయము

ముందుగా కుకవినింద. శలభానికి మన కవులు వేసిన ఉద్యోగం ఒక్కటే, దీపంలో పడి చావడం. విరహి మాడాలన్నా, శత్రుసేన మసికావాలన్నా పాపం శలభమే. వాళ్లెవరూ అరిజోనా వెళ్లలేదు గనక క్షమించేద్దాం.

ప్రబంధమన్నాక పర్వతవర్ణన తప్పదు. అమెరికా నైరుతి మూలన, మెక్సికో సరిహద్దు దాపున, ఆ అరిజోనాలోనే చిరికావా కొండలున్నాయి. వర్ణన అయింది. చంద్రోదయం వద్దు, మన కథకు చీకటే శ్రేష్ఠం.

ఇక ప్రతినాయకుడు. నిశాచర చక్రవర్తి, చర్మపక్ష విహారి, బిగ్ బ్రౌన్ బ్యాట్ నామధేయుడైన గబ్బిలం. శబ్దవేధి విద్యలో దశరథుడు ఇతని ముందు ఏపాటి? కుండ నిండే చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేసిన తొందరపాటు ఇతనికి లేదు. తన కేకే తాను పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనితో పురుగు ఎంత దూరాన ఉందో లెక్కగడతాడు. దగ్గరపడేకొద్దీ కేకలు ముమ్మరమై, చివరికి సెకనుకు 150 దాటుతాయి. ఆ గర్జనంతా 20 కిలోహెర్ట్జ్‌కు పైమాటే కాబట్టి మన చెవికి నిశ్శబ్దం.

నాయకుడు ఆ కొండల శలభం బెర్తోల్డియా ట్రైగోనా, టైగర్ మాత్ వంశజుడు. చెవులు తలమీద కాక ఛాతీ పక్కన ఉంటాయి. ఒక్కో చెవికి శబ్దం పట్టే నాడీకణాలు రెండే. ఆ రెంటితోనే శత్రుఘోష విని, కఠిన త్వఙ్నిర్మిత సూక్ష్మరేఖావిరాజిత వక్షఃపార్శ్వ భేరీద్వయాన్ని మోగిస్తాడు. అంటే ఛాతీకి రెండు వైపులా ఉన్న గట్టి పొరలను కండరంతో లాగి వదులుతాడు. డబ్బా మూత నొక్కి వదిలినట్టు లోపలికి టక్కు, పైకి టక్కు. వాటిని టింబల్స్ అంటారు. సెకనుకు 4,500 దాకా క్లిక్కులు!

యుద్ధపర్వం నార్త్ కెరొలైనాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయంలో జరిగింది. కోర్కొరన్, బార్బర్, కోనర్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు దాని ఫలితాన్ని 2009లో ప్రకటించారు. మహావీరుణ్ణి దారంతో కట్టి వేలాడదీశారు, ధర్మయుద్ధమని మాత్రం అనలేం. సంజయుడి పనికి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు కుదిరాయి. గబ్బిలం దూసుకొచ్చింది, భేరి మోగింది, వేటు తప్పింది. బెదిరి తప్పిందా? అయితే కొన్ని రాత్రుల్లో అలవాటు పడాలి, పడలేదు. శలభం చేదని తెలిసి తప్పిందా? అయితే ముందు ఒకటి రుచి చూడాలి, ఇది మొదటి రాత్రి నుంచే తప్పుతోంది. పైగా టింబల్స్‌కు చిల్లుపొడిచి మూగవాటిని చేస్తే శుభ్రంగా భోంచేసింది. కాబట్టి తేలిందేమంటే, ప్రతిధ్వని చేరే క్షణాన క్లిక్కులు అడ్డుపడి దూరం లెక్కను చెడగొడుతున్నాయి. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడి సమ్మోహనాస్త్రం లాంటిదే ఇదీ. ఎవరూ చావలేదు, పరువు మాత్రం పోయింది.

వంశంలో మిగతావాళ్లంతా ఇంత ఘనులు కారు. చాలా టైగర్ మాత్‌లు నిజంగానే చేదు. అవి క్లిక్కుమంటే “నన్ను తింటే నీ నోరే పాడవుతుంది” అని హెచ్చరిక. వేరే వంశానికి చెందిన బోర్నియో హాక్ మాత్‌లు కొన్ని ఏ అవయవాన్ని ఒరిపిడి చేసి ఈ నాదం పుట్టిస్తాయో చెప్పడానికి కావ్యమర్యాద అడ్డొస్తోంది. జననాంగాలతో అని శాస్త్రజ్ఞులు 2013లో మొహమాటం లేకుండా రాసేశారు.

ఓడిన గబ్బిలాల మీద జాలిపడే పాఠకులకు ఉత్తరకథ ఒకటుంది. ఈ అస్త్రం వాటికీ తెలుసు. మెక్సికన్ ఫ్రీటెయిల్డ్ గబ్బిలం, పక్క గబ్బిలం పురుగును నోట కరుచుకోబోయే క్షణాన ప్రత్యేకమైన కూత పెట్టి దాని గురి తప్పిస్తుందని కోర్కొరన్, కోనర్‌లే 2014లో బయటపెట్టారు. దాయాదుల పోరు ఆకాశంలోనూ ఉంది.