ముసుగు వీరుడూ, మా ఊరి టైలరూ

కళ్లజోడు పెట్టుకుంటే క్లార్క్ కెంటు, తీసేస్తే సూపర్‌మేన్. 1938 నుంచి అతని ఊరి జనం ఇది నమ్ముతూనే ఉన్నారు. ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి కోటిపల్లి రేవులో పంటెక్కించి మా ఐనవిల్లి పంపండి, చూద్దాం. ఇవతల ముక్తేశ్వరంలో దిగేలోపే పక్కనున్న స్కూటరాయన "ఎవరి తాలూకండీ?" అని మొదలెడతాడు. తన సొంత గ్రహం క్రిప్టాన్ అని నోరు జారాడా, "ఆయ్, మా తోడల్లుడి రెండో అమ్మాయిని అటేపే ఇచ్చారండి" అంటాడు. కరోనా రోజుల్లో ముక్కూ మూతీ మూసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని కొట్టుకెళ్తే, కొట్టాయన నా నడక చూసి పాత బాకీ అడిగాడు. అలాంటి ఊరు మాది.

సరే, మొహం సంగతి వదిలేయండి. సెలవులకొచ్చిన మా మేనల్లుడు ఈ ముసుగు వీరుల సినిమాలు పెట్టినప్పట్నుంచీ నన్ను తినేస్తున్న ప్రశ్న వేరే ఉంది. ఆ బట్టలు కుట్టిందెవరు? కొలతలిచ్చుంటాడు కదా!

"ఈ ఎర్రది లోపలేసుకునేదాండీ, పైనేసుకునేదాండీ?"

"పైనే."

టైలరు చేతిలో సుద్దముక్క ఆగిపోతుంది.

"వీపుకి ఈ దుప్పటేంటండీ?"

"ఎగరడానికి."

"ఆయ్. జేబులు ఎన్ని పెట్టమంటారు?"

"అక్కర్లేదు."

అయిపోయింది. ఎగురుతానంటే మా టైలరు పట్టించుకోడు, ఎవరి సరదా వారిది. జేబులొద్దన్న మగాణ్ణి మాత్రం మండలంలో ఇంతవరకూ చూళ్లేదు. సాయంత్రానికి అమలాపురం దాకా తెలిసిపోతుంది. కాదు, వాళ్లమ్మే కుట్టిందంటాడు మేనల్లుడు. ఇంకేం! టైలరు సాయంత్రం దాకా ఆగుతాడు, అమ్మ ఆగదు. పోనీ ఎలాగో కుట్టించాడనుకుందాం, ఉతకొద్దూ? శ్రావణమాసం ముసురులో ఆ మందపాటి బట్ట ఎక్కడ ఆరేస్తాడు? పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య దండెం మీదేగా! దింపు తీసేవాళ్లు చెట్టు మీంచి ఊరందరి పెరళ్లూ చూస్తారు.

ఇంత కష్టపడి దాచినదాన్ని వీళ్లే బయటపెట్టేసుకోవడం మరీ విడ్డూరం. 2006లో స్పైడర్‌మేన్ విలేఖరుల ముందు ముసుగు పీకేశాడు. మర్నాటి నుంచి అన్నీ కష్టాలే. 2007లో, పెంచినావిడ ప్రాణం కోసం సైతానుతో బేరమాడి తన పెళ్లినే వదులుకున్నాడు. ఆ ఊపులో లోకమంతా అతని రహస్యం కూడా మరిచిపోయింది. 2019లో సూపర్‌మేనూ అదే దారి పట్టి తానెవరో చెప్పేశాడు. తీయడం, మళ్లీ తొడగడం! ఈ మాత్రం దానికి ఆ టైలర్ని అంత హైరానా పెట్టాలా?

పాండవుల లెక్క అలా కాదు. అజ్ఞాతవాసంలో దొరికారా, మళ్లీ పన్నెండేళ్లు అడవికి. అందుకే ధర్మరాజు కంకుభట్టై పాచికలు పట్టుకున్నాడు, భీముడు వలలుడై గరిటె పట్టుకున్నాడు, అర్జునుడు బృహన్నలై ఆట నేర్పాడు. చిన్నప్పుడు ఈ వేషాలన్నీ నాకు మహా సరదాగా ఉండేవి.

ఇప్పుడు చదువుతుంటే కీచకుడి దగ్గర చెయ్యి ఆగిపోతోంది. నిండు సభలో వాడు సైరంధ్రి వేషంలో ఉన్న ద్రౌపదిని కాలితో తన్నాడు. ధర్మరాజు అక్కడే ఉన్నాడు, భీముడూ ఉన్నాడు. భీముడు పీకుదామని చెట్టు వైపు చూస్తే అన్నగారు ఆపాడు. ఆవిడతో, నటిలా ఏడుస్తూ ఆటకి అడ్డు రావద్దన్నాడు. రహస్యం ఐదుగురు మగాళ్లదీ, ఆవిడదీ కూడాను. తన్నులు మాత్రం ఆవిడకి. కీచకుణ్ణి తరవాత చంపాడు భీముడు, కాదన్ను, అదీ చీకట్లో.

పోతే పోయాయి ఇంకో పన్నెండేళ్లు అని అక్కడికక్కడే ఒక్కడు లేచి తన పేరు చెప్పుంటే ఎంత బావుండేదో. కథ మిగలదనుకోండి.