ఎర్ర గోధుమల పద్దు

ఉస్మానియా ఆవరణలో 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వెలిసింది. అమెరికా సాహిత్యం మీదో, చరిత్ర మీదో పీహెచ్‌డీ చేసేవాళ్ళకు అదొక పెద్ద దిక్కు. సెలవులొస్తే చాలు, దూరప్రాంతాల లెక్చరర్లు పెట్టెబేడా పట్టుకుని దిగేవాళ్ళు.

డెబ్బైల నడుమ అలా దిగినవాళ్ళలో ఒక అనంతపురం లెక్చరరు ఉన్నాడు. ఆయన థీసిస్ స్టైన్‌బెక్ 1939లో రాసిన ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ మీద. దుమ్ము తుపాన్లకూ అప్పులకూ ఓడిపోయిన ఓక్లహోమా రైతులు అందులో కాలిఫోర్నియాకు వలసపోతారు. అక్కడ ఆకలిగొన్న జనం చూస్తుండగానే, ధర పడిపోకూడదని నారింజల మీద కిరోసిన్ పోసేస్తారు. కరువుసీమ మనిషిని ఆ నవల ఎందుకు పట్టుకుందో వేరే చెప్పాలా! కానీ ఆయన అక్కడితో ఆగలేదు. ఆ కరువు రోజుల్లోనే అమెరికా ప్రభుత్వం పంట ధరలకు ఊతమివ్వడం మొదలుపెట్టింది. పోనుపోను గోధుమలు గుట్టలు పడ్డాయి. 1954లో పీఎల్ 480 చట్టం తెచ్చి వాటిని బయటి దేశాలకు తరలించింది. కాబట్టి ఆ నవలకు తరువాయి భాగం అనంతపురం రేషన్ షాపులో ఉందంటాడు ఈయన. గైడుగారు ఆ అధ్యాయం కొట్టేశారు. అమెరికా సంస్కృతి అమెరికా పొలిమేర దాటదని కొందరు గైడ్ల నమ్మకం.

ఆ గోధుమలు ఊరికే రాలేదు. మన సర్కారు రూపాయలిచ్చి కొన్నది. జనం రేషన్ షాపులో పైసలిచ్చి తెచ్చుకున్నారు. ఆ రూపాయలు అమెరికా ఖాతాలో ఇక్కడే పేరుకుపోయాయి. ఎంతగానంటే, 1974లో అమెరికా రాయబారి మొయినిహన్ అందులోంచి రూ.1,664 కోట్లకు మన ప్రభుత్వానికే చెక్కు రాసిచ్చాడు. ఈ సెంటరు పోషణ కూడా ఆ గోధుమల సొమ్ముతోనే సాగేది. వాటి వెంట వయ్యారిభామ గడ్డి కూడా వచ్చిందంటారు కానీ, అది ఏ పద్దులోనూ ఎక్కలేదు.

కంటి పరీక్షకు హైదరాబాదు వచ్చిన తల్లిని ఓ సాయంత్రం ఆ లైబ్రరీకి తీసుకొచ్చాడు లెక్చరరు. ఉపన్యాసాలకు వచ్చిన అమెరికన్ ప్రొఫెసరొకాయన లేచి నమస్కారం పెట్టాడు. బీరువాల వరసలు చూపిస్తూ, ఇదంతా అమెరికా ప్రజలు మీకిచ్చిన కానుక అన్నాడు. కొడుకు తెలుగులో చెప్పాడు.

“కానుకా? దుడ్లు ఎవురివి నాయనా?”

కొడుకు గొంతు తగ్గించాడు. “ఎర్ర గోధుమలు గుర్తున్నాయా అమ్మా? క్యూలో నిలబడి తెచ్చేదానివే. ఆ దుడ్లే.”

గుర్తులేకపోవడమా! రాళ్ళు ఏరి, మర పట్టించి, సంకటిలో బియ్యపు నూకకు బదులు ఆ రవ్వ పోసి, మొహం తిప్పుకునే పిల్లల చేత తినిపించిన మనిషి. బీరువాల వంక కాసేపు చూసింది.

“ఈయప్ప ఈడ ఏం చేస్తాండాడు?”

“వాళ్ళ కాలేజీలో లేని పుస్తకాలు ఇక్కడున్నాయంట. చదువుకుంటున్నాడు.”

అమ్మగారు ఏమంటున్నారని ఆత్రంగా అడిగాడు ప్రొఫెసరు.

“పాపం, అంత దూరం నుంచి వచ్చినాడు,” అందామె. “ఎన్ని దినాలు కావాలంటే అన్ని దినాలు చదువుకోమను నాయనా. మనమేమన్నా వద్దంటామా? కాయితాలు మాత్రం మడవొద్దని చెప్పు.”