ఆరో భాగం నుంచీ పోయిందండీ!

అమెరికాలో జార్జ్ మార్టిన్ అనే రచయిత ఉన్నారు. డ్రాగన్లూ, సింహాసనం కోసం కొట్లాటలూ పెట్టి పెద్ద కథ ఎత్తుకుని, 2011లో అయిదో పుస్తకం జనం చేతిలో పెట్టారు. ఆరోది ఎప్పుడండీ అంటే రాస్తున్నాను అంటున్నారు. అప్పట్నుంచీ ఆయన్ని ఆడిపోసుకోని పాఠకుడు లేడు. ఆయన వయసు లెక్కలు కట్టారు, ఒంటి బరువు లెక్కలు కట్టారు. ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తే, అదిగో కూర్చుని ఆటలు చూస్తున్నాడు, ఇంక పుస్తకమేం రాస్తాడు అని సణిగారు.

రాజమండ్రి వాళ్ళకి ఈ గోల వింటే నవ్వొస్తుంది. అదీ ఒక ఆలస్యమేనా? మా ఊళ్ళో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయగారు భారతం మొదలెట్టి, ఆదిపర్వమూ సభాపర్వమూ ముగించి, అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో గంటం ఆపేశారు. అది పదకొండో శతాబ్దం. తరవాతి భాగం పదమూడో శతాబ్దంలో వచ్చింది. అదైనా మా ఊరి నుంచి వచ్చిందా అంటే అదీ లేదు, నెల్లూరు నుంచి వచ్చింది. తిక్కనగారు విరాటపర్వంతో అందుకుని పదిహేను పర్వాలు లాగించేశారు గానీ, తెగిన అరణ్యపర్వం జోలికి మాత్రం పోలేదు. పాండవుల్ని అడవిలో వదిలిపెట్టి పుస్తకం మూస్తే, మళ్ళీ తెరిచేసరికి భీముడు విరాటుడి వంటింట్లో గరిటె తిప్పుతున్నాడు. మధ్యలో ఘోషయాత్ర ఏమైంది, యక్షుడు ఏమడిగాడు, ఎవరు బదులు చెప్పారు? ఇవన్నీ తెలుగులో తెలియడానికి పద్నాలుగో శతాబ్దంలో ఎర్రనగారు రావలసి వచ్చింది. వెరసి రమారమి మూడు వందల ఏళ్ళు.

అన్నాళ్ళూ మనవాళ్ళు నోరు మూసుకుని కూర్చున్నారనుకుంటున్నారా? గోదావరి నీళ్ళు తాగినవాడు అలా కూర్చోడు. కథ ఆగిపోయింది కాబట్టి కథ రాసినాయన మీద కథలు అల్లారు. అరణ్యపర్వం ముట్టుకున్నందుకే నన్నయగారికి మతి చలించిందని ఒకటి. అది తెలిసే తిక్కనగారు భయపడి ఆ పర్వాన్ని దాటేశారని దానికి కొనసాగింపు. అథర్వణుడనే మరో కవి కూడా భారతం రాశాడనీ, అది బయటికొస్తే తన పేరు మాసిపోతుందని నన్నయగారే దాన్ని తగలబెట్టించారనీ ఇంకొకటి. రుజువులేవయ్యా అంటే పండితులు పెదవి విరుస్తారు. ఇప్పటి కుర్రాళ్ళు ఫ్యాన్ థియరీ అంటూ మురిసిపోయే సరుకు ఇదేనని నా అనుమానం. సరుకు పాతదే, మనదే. అప్పుడూ ఇప్పుడూ పద్ధతి ఒక్కటే. పుస్తకం రాకపోతే ముందు రచయిత ఆరోగ్యం మీద పడతాం, ఆ తరవాత నడవడి మీద పడతాం.

ఇంగ్లీషులో రాబర్ట్ జోర్డన్ అనే ఆయన ఇలాగే పెద్ద కథ ఎత్తుకుని, పూర్తి కాకుండానే 2007లో పోయారు. బ్రాండన్ శాండర్సన్ అనే కుర్ర రచయిత మిగిలిన కథని మూడు పుస్తకాలు చేసి 2013లో ఒడ్డెక్కించారు. అట్ట మీద ఇద్దరి పేర్లూ వేసుకున్నారు. న్యాయమే కదా. మన ఎర్రనగారు అంతకంటే మర్యాదస్తులు. తన రాజు ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో నిక్షేపంగా ఉండగా, తను పూరించిన అరణ్యపర్వాన్ని ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికి, అదీ నన్నయగారే రాసినట్టుగా, అంకితం చేసేశారు. ఈ రోజుల్లో ఇలా చేస్తే రాయల్టీ ఎవరి ఖాతాలో వెయ్యాలో తెలియక ఆడిటర్లు జుట్టు పీక్కుంటారు. మరి దీనికి పాఠకులు ఏమన్నారు? మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూనే, ఇది నన్నయగారి నడకలో మొదలై తిక్కనగారి నడకలోకి జారింది సుమండీ అన్నారు. ఇప్పటికీ అంటున్నారు. ఏడు వందల ఏళ్ళు కావస్తున్నా అతుకు ఎక్కడుందో తడిమి చూడ్డం మానలేదు.

ఇదంతా కొలువుల్లో పుట్టిన వ్యవహారం. మామూలు జనానికి భాగాల జబ్బు అంటించిన మనిషి వేరే ఉన్నారు, ఆయనా రాజమండ్రి వాసే. మధిర సుబ్బన్న దీక్షితులుగారు. 1868లో పుట్టి 1928లో పోయారు, ఈలోగా ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలు రాసి పెట్టారు. మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచి వెళ్తూ, తోడుగా పశువులు కాసుకునే కుర్రాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకుంటాడు. కుర్రాడి షరతు ఒక్కటే. మజిలీ వేసిన చోటల్లా తన కంటబడిన వింత ఏమిటో, దాని వెనకున్న కథేమిటో గురువు చెప్పాలి. చెప్పకపోతే అక్కణ్ణించే వెనక్కి. గురువు దగ్గరున్న మణి మహిమతో ఏ కథైనా తెలిసిపోతుంది గనక సరుక్కి లోటు లేదు. రాకుమారులు, యక్షిణులు, మాంత్రికులు, శాపాలు. ఒక కథలో ఇంకో కథ, దాని కడుపులో మరోటి. దీక్షితులుగారు తెలివిగా కాశీ పెట్టారు. ఏ అన్నవరమో పెట్టుంటే మొదటి భాగంలో సగం కాకుండానే ప్రసాదం తిని ఇంటికొచ్చేసేవాళ్ళం.

నన్నడిగితే ఆయన ప్రతిభంతా ఆ కుర్రాడిలో ఉంది. మాంత్రికుల్ని ఎవరైనా పుట్టిస్తారు. పాఠకుడి గుణం కనిపెట్టి, వాణ్ణి ఏకంగా కథలోకి లాక్కొచ్చి కూర్చోబెట్టడం ఎందరికి చేతనవుతుంది? వాడు డబ్బివ్వడు, దణ్ణం పెట్టి ఊరుకోడు. ఎంత చెప్పినా మర్నాటి మజిలీకి మళ్ళీ ఆకలితో హాజరు. వాడి చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, అలక. చెప్తావా, పోమంటావా? ఎంత మహిమ గల యతి అయినా ఆ బెదిరింపుకి లొంగాల్సిందే. లొంగబట్టే పన్నెండు భాగాలయ్యాయి. కానీ వాడు ఇంటికి పోతానంటాడే గానీ పోడు. ఈ సంగతి గురువుకీ తెలుసు.

పుస్తకాన్ని జనం ఎలా చదివారో తెలియాలంటే విమర్శ వ్యాసాలు తిరగెయ్యక్కర్లేదు. పాత అద్దె పుస్తకాల కొట్టుకి వెళ్తే చాలు. అలాంటి కొట్టొకదాంట్లో ఈ భాగాలన్నీ వరసగా పేర్చి ఉండగా చూశాను. మొదటి భాగానికి అట్ట లేదు, మొదటి పదహారు పేజీలూ లేవు. ఖాకీ కాగితం చుట్టి పురికొసతో కుట్టారు. రెండోదాని మీద పసుపు వేళ్ళ ముద్రలు. వంటింట్లో పోపు మాడుతుండగా చదివిన తల్లి ఎవరో. మూడోదాంట్లో బస్సు టిక్కెట్టు, నాలుగోదాంట్లో జడపిన్ను. అయిదో భాగం నుంచి మాత్రం పేజీలు తెల్లబడ్డం మొదలైంది. ఎనిమిదోది ఉండాల్సిన చోట ఖాళీ. పన్నెండోది ముట్టుకుంటే కొత్త పుస్తకం వాసనొచ్చింది.

ఆరో భాగం మొదటి పేజీలో పెన్సిలుతో ఒకరు రాశారు: ‘ఇక్కణ్ణించి బోరు. డబ్బులు దండగ.’ దాని కింద నీలం సిరాతో గుండ్రని దస్తూరీ: ‘నిజమే. పన్నెండూ చదివి చెప్తున్నా.’ ఆ కింద ఎర్ర సిరా: ‘పదో భాగంలో పుంజుకుంటుంది, ఓపిక పట్టండి.’ అడుగున మళ్ళీ మొదటి పెన్సిలే: ‘అబద్ధం. అక్కడా చూశాను.’

డబ్బులు దండగన్నవాడు పదో భాగం దాకా ఎందుకు వెళ్ళాడో ఎవరూ అడగలేదు.

గోదావరి గట్టు మీద సాయంత్రం పూట చెవులు తెరుచుకుని కూర్చుంటే ఇదే బాపతు సంభాషణ వినపడుతుంది. రిటైరైన మాస్టారొకాయన, ఆయన దగ్గర చదువుకున్న నడివయసు శిష్యుడు.

“ఏవండీ మాస్టారూ, ఆరోది చదివారాండి?”

“చదివానయ్యా. పోయింది. మొదటి భాగంలో రాకుమారి మాయమైతే నాకు అన్నం సయించలేదు. ఇందులో నలుగురు మాయమయ్యారు, చీమ కుట్టినట్టు కూడా లేదు.”

“నలుగురూ దొరికారాండి?”

“ముగ్గురు దొరికారు. నాలుగో ఆవిడ ఏడో భాగంలో తేలుతుందంట.”

“అయితే ఇంక మానేస్తారేంటండి?”

“మానక! ఇంత చెత్త జన్మలో చదవలేదు.”

“మరి ఆ సంచీలో ఏటండీ?”

“ఏడోది.”

మాస్టారి తప్పేం లేదు. ఆయన మొదటి భాగం చదివినప్పుడు పదకొండేళ్ళు. వేసవి సెలవులు, అమ్మమ్మగారి అరుగు, పక్కనే మామిడి తాండ్ర. ఆరోది పట్టుకునేసరికి కళ్ళజోడు నంబరు మారింది, మోకాళ్ళు పట్టేశాయి, కరెంటు బిల్లు కట్టాల్సిన ఆఖరి తేదీ గుర్తొస్తోంది. రాకుమారి మాయమవడంలో తేడా ఏమీ రాలేదు. ఆవిడ మొదటి భాగంలో ఎలా మాయమైందో ఇందులోనూ అలాగే మాయమైంది. ఆ మోకాళ్ళ నొప్పిని కూడా దీక్షితులుగారి ఖాతాలో రాస్తామంటే ఎలాగండీ?

ఇంకో రకం పెద్దలున్నారు. వీళ్ళకి పుస్తకం కంటే సినిమా నయం. 1951లో కె.వి. రెడ్డిగారు తీసిన ‘పాతాళభైరవి’ కథకి కాశీమజిలీ మూలం ఉందంటారు గదా, అందులో రెండు మూడు గంటల్లో మాంత్రికుడు చచ్చి, పెళ్ళి కూడా అయిపోయింది, ఈయనకి పన్నెండు భాగాలెందుకు అని వీళ్ళ ప్రశ్న. ఆ సినిమా ఎన్నిసార్లు చూశారో అడగండి. ఆ గంటలన్నీ కలిపితే పన్నెండు భాగాలూ రెండేసిసార్లు చదివెయ్యొచ్చు.

వారపత్రికల రోజులొచ్చాక ఈ జబ్బు ముదిరింది. రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చే రోజుల్లో, దాన్ని బుద్ధిలేని రాత అని తిట్టిన ఇంట్లోనే పత్రిక ముందు ఎవరు చదవాలని తగువులు. దానికి కొనసాగింపుగా ‘తులసి’ వచ్చింది. రాగానే, మొదటిదానంత భయం లేదండీ అన్నారు. అన్నవాళ్ళ ఇళ్ళల్లో రాత్రి లైట్లు ఆర్పలేదు. తెలుగు తెర మీద ఈ వరస కూడా తిరగబడింది. రెండో పుస్తకం 1986లో ‘కాష్మోరా’గా ముందొచ్చి, మొదటిది 1989లో తీరిగ్గా వచ్చింది. అప్పుడు మాత్రం భాగాల వరస తప్పిందని గొడవ చేసిన పాఠకుడు ఒక్కడూ నాకు తగల్లేదు.

పశ్చిమగోదావరి ఆడపడుచు రంగనాయకమ్మగారు మాత్రం గొణిగి ఊరుకోలేదు. ‘తులసిదళం’ మీద తన అభిప్రాయాన్ని ఏకంగా పుస్తకం చేశారు, ‘గంజాయి దమ్ము’ అని పేరులోనే తీర్పు చెప్పేశారు. అంతకు ముందు రామాయణం మీద ఆవిడకున్న అభ్యంతరాలు ‘విషవృక్షం’ పేరుతో మూడు భాగాలయ్యాయి. ఒప్పుకుంటారో మానతారో మీ ఇష్టం. నేను చెప్పేదేమిటంటే, ఈ నీళ్ళ మహిమ వల్ల పాఠకుల స్పందన కూడా మన దగ్గర భాగాలుగానే వెలువడుతుంది. వాటికీ, మొదటి భాగంలో ఉన్న పదును మూడోదాంట్లో లేదండీ అనేవాళ్ళున్నారు.

నది దాటితే కొవ్వూరు, విజయేంద్రప్రసాద్‌గారి ఊరు. ఆయన కథ రాసిన ‘బాహుబలి’ 2015 జులై 10న వచ్చి, కట్టప్ప కత్తి దిగిన చోట ఆగిపోయింది. బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడో తెలియకుండా 2017 ఏప్రిల్ 28 దాకా దేశం మొత్తం అన్నం తిని నిద్రపోయింది. చివరికి తెలిసింది. హాలు బయటికొస్తూ ఒకాయన పక్కవాడితో “ఓస్, ఇంతేనా? నేనెప్పుడో అనుకున్నాను” అన్నాడు. ఆయన చేతిలో సాయంత్రం ఆటకి టిక్కెట్లు నాలుగున్నాయి.

చివరగా ఒక మనవి. కాశీమజిలీ ఎనిమిదో భాగం అద్దెకి పట్టుకెళ్ళి తిరిగి ఇవ్వని పెద్దమనిషి ఈ కాలమ్ చదువుతుంటే, అద్దె సంగతి మీకూ కొట్టాయనకీ వదిలేస్తున్నాను. తొమ్మిదోది మొదలెట్టినవాళ్ళం ఎవరు ఎవరి కూతురో, ఎవరి శాపం ఎవరికి తగిలిందో తెలియక నానా అవస్థా పడుతున్నాం. దయచేసి పుస్తకం పంపించండి. బాగోదని మాకు తెలుసండి. కానీ చదివి అనాలి గదా ఆ మాట.