నేను, కోలబంతిని

జలంధరులో పుట్టాను. నాలుగు రబ్బరు పలకలు, లోపల గాలితిత్తి, అంచుల వెంట గట్టి కుట్టు, ఇంతే నా ఒళ్ళు. నాతోపాటు తయారైనవాళ్ళలో చాలామంది ఓడలెక్కి రగ్బీ ఆడే దేశాలకు పోయారు. నన్ను మాత్రం వాలీబాళ్ళతో, స్కిప్పింగ్ తాళ్ళతో కలిపి ఒక స్పోర్ట్స్ కిట్టులో కట్టారు. అట్లా గూడూరు జంక్షన్‌లో దిగాను. ప్లాట్‌ఫారం మీద నా పక్కనే నిమ్మకాయల బస్తాలు. ఈ ఊరి వాసన నాకు తెలిసింది వాటివల్లే.

ఒక బళ్ళో స్టాకు రిజిస్టరులో రాశారు: "బంతి, రగ్బీ, ఒకటి." రాసి బీరువాలో పెట్టారు. అక్కడ నాకు తోడు రెండు కాయిన్లు పోయిన క్యారమ్ బోర్డు, గీతలకు వాడే సున్నం బస్తా. ఆట తెలిసినవాళ్ళు లేనిచోట బంతి బతుకు ఇంతే మరి!

నవంబరులో ముసురు పట్టి గ్రౌండు చెరువైపోయిన రోజు పీఈటీ సారు నన్ను బయటికి తీశాడు. కబడ్డీ కుర్రాళ్ళంతా వరండాలో కూర్చోనుండారు.

"ఏంది సార్ ఈ బంతి ఇట్టుంది? ఎవురన్నా దీని మీద కూర్చున్నారా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. సారు కూడా నవ్వి, "దీన్ని చంకలో పెట్టుకోని ఒకాయన ఆస్ట్రేలియాకి కెప్టెన్ అయ్యాడ్రా. ఆ దేశపు ఆదివాసి" అన్నాడు. నవ్వు ఆగింది. ఆ వరుసలో గిరిజన కాలనీ పిల్లలు, యానాది పిల్లలు, నలుగురైదుగురు ఉన్నారు.

నేనాయన్ను చూడలేదు, నేను పుట్టేనాటికే ఆయన ఆట ముగిసింది. కానీ మా జాతి బంతికి ఆయన పేరు తెలియకపోతే తప్పు. ఆర్థర్ బీట్సన్. 1945 జనవరి 22న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో రోమా అనే ఊళ్ళో పుట్టాడు. ఆదివాసీ పిల్లలను కన్నవాళ్ళ దగ్గర్నుంచి సర్కారు లాక్కుపోయిన రోజులవి. వాళ్ళమ్మ అట్లా లాక్కుపోయిన పిల్లల్లో ఒకతె.

ఆట సంగతి కొంచెం చెప్పాలి, లేకుంటే ఆయన గొప్ప తెలీదు. రగ్బీ లీగ్‌లో జట్టుకు పదముగ్గురు. నన్ను కాలితో ముందుకు తన్నొచ్చు గానీ చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో ఇవ్వాలి. కాబట్టి ఎవరో ఒకరు నన్ను పొట్టకు అదుముకుని నేరుగా ఎదుటి జట్టు మధ్యకు దూసుకుపోవాలి. ఆ మోటు పని ఫార్వర్డులది. కబడ్డీలో కూతకు పోయినవాడిని పట్టేసినట్టే ఇక్కడా పడేస్తారు. తేడా ఏందంటే, ఇక్కడ పట్టుబడినవాడు అవుటు కాడు, లేచి మళ్ళీ ఆడతాడు. అట్లా ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలివాళ్ళదైపోతుంది.

బీట్సన్ భారీ మనిషి. తిండిపుష్టి ఎక్కువ. మాంసం పెట్టి చేసే 'పై' అనే వంటకమంటే ప్రాణమట, ఆ పేరుతోనే జనం ఆయనకు ముద్దుపేరు పెట్టారు. అంతటివాడు గుద్దుకుంటూ పోవడంలో వింత లేదు. వింతంతా పట్టుబడిన తర్వాతే. ఒకడు నడుం పట్టాడు, ఇంకొకడు తొడలు చుట్టాడు, మూడోవాడు భుజం మీద పడ్డాడు. ఆయన నేలకు ఒరిగిపోతున్నాడు. ఆట అక్కడికి ఆగిందని అవతలి జట్టు ఊపిరి తీసుకునే ఆ క్షణంలో ఒక చెయ్యి మాత్రం ఆ గుంపులోంచి పైకొస్తుంది. అరచేతిలో బంతి. మణికట్టు ఒక్క విదిలింపు. వెనకనుంచి పరుగెత్తుకొచ్చేవాడి రొమ్ముకు అది చేరిపోయుంటుంది. ముగ్గురు కలిసి పట్టుకున్నది బంతి లేని మనిషిని! సారు తన సెల్లులో పాత ఆట పెట్టి ఆ ముక్కను మళ్ళీ మళ్ళీ చూపించాడు. మా కబడ్డీ పిల్లలకు పట్టంటే ఏందో తెలుసు కాబట్టి, పట్టులోంచి ఆ చెయ్యి ఎట్లా బయటికొచ్చిందో వెంటనే అర్థమైంది. క్రికెట్టు పిల్లలకైతే గంట చెప్పినా ఎక్కేది కాదు, ఈ మాట నాది.

1965లో రెడ్‌క్లిఫ్ జట్టుతో బ్రిస్బేన్ టైటిల్ గెలిచాడు. క్వీన్స్‌లాండ్ ఆదివాసులకు రాష్ట్ర ఎన్నికల్లో ఓటుహక్కు వచ్చింది కూడా ఆ ఏడే. 1966లో సిడ్నీ పోయి బాల్మెయిన్ క్లబ్బులో చేరాడు. అదే ఏడు దేశం చొక్కా తొడుక్కుని బ్రిటన్ మీద ఆడాడు. అప్పటికి ఆ దేశపు రాజ్యాంగంలో, జనాభా లెక్కించేటప్పుడు ఆదివాసులను కలపకూడదని ఒక సెక్షన్ ఉంది. 1967లో ప్రజల ఓటు పెట్టి దాన్ని తీసేశారు, నూటికి తొంభైమందికి పైగా సరేనన్నారు. అంటే బీట్సన్ దేశం జట్టు లెక్కలోకి ముందొచ్చాడు, దేశం జనం లెక్కలోకి ఆ తర్వాత.

ఇది విన్నప్పుడు కాలనీ కుర్రాడొకడు, "మనోళ్ళని కూడా అట్నే చేశారా సార్?" అనడిగాడు. సారు దాచలేదు. తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చింది 1871లో, అది రద్దయింది 1952లో. ఆ చట్టం కింద నెల్లూరు జిల్లా కప్పరాళ్ళతిప్పలో సెటిల్‌మెంటు పెట్టి యానాదులను కాపలా మధ్య ఉంచారు. వాళ్ళ తరఫున జీవితమంతా తిరిగిన వెన్నెలకంటి రాఘవయ్యగారి పేరు చెప్పాడు. శ్రీహరికోట అడవిలో తరతరాలుగా ఉన్న యానాదులు రాకెట్ కేంద్రం కోసం జాగా ఖాళీ చెయ్యాల్సివచ్చింది, అదీ చెప్పాడు. రాకెట్టు లేచిన రోజు ఈ పిల్లలే ఆకాశంలో పొగచార చూసి కేకలు వేస్తారు.

బీట్సన్ మిగతా కథ గబగబా చెప్తా. 1971లో ఈస్టర్న్ సబర్బ్స్ క్లబ్బుకు మారాడు. జాక్ గిబ్సన్ కోచ్, ఈయన కెప్టెన్. 1974లో, 1975లో వరసగా టైటిళ్ళు, రెండోసారి ఫైనల్లో సెయింట్ జార్జ్ మీద 38-0. 1973లో ఆస్ట్రేలియాకు కెప్టెనయ్యాడు. ఏ ఆటలోనైనా సరే, ఆ దేశం జట్టును నడిపిన మొదటి ఆదివాసి ఆయనే. 1977 ప్రపంచకప్పూ ఆయన కెప్టెన్సీలోనే వచ్చింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది 1980 జులై 8. అంతకుముందు రాష్ట్రాల పోటీలో, ఏ రాష్ట్రం క్లబ్బుకు ఆడితే ఆ రాష్ట్రం జట్టులోనే ఆడాలి. మన గూడూరు కుర్రాడు చెన్నైలో పనికి పోయి అక్కడి క్లబ్బుకు కబడ్డీ ఆడితే తమిళనాడు తరఫున ఆంధ్రా మీదే కూతకు రావాలన్నమాట! సిడ్నీలో డబ్బుంది కాబట్టి క్వీన్స్‌లాండ్ బలవంతులంతా సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం తరఫునే సొంతవాళ్ళ మీద ఆడారు. బీట్సన్ కూడా. చివరికి నిబంధన మార్చి, ఆటగాడు ఏ రాష్ట్రంలో ఎదిగాడో ఆ రాష్ట్రానికే ఆడాలన్నారు. బీట్సన్‌కు అప్పుడు ముప్పైఅయిదేళ్ళు, ఇక అయిపోయాడనుకున్నారు. బ్రిస్బేన్‌లోని లాంగ్ పార్కులో ఆయన క్వీన్స్‌లాండ్ కెప్టెన్‌గా దిగితే స్టేడియం ఊగిపోయింది. అవతలి జట్టులో మిక్ క్రోనిన్, ఈయన అప్పటికి మారిన పారమాటా క్లబ్బులో సహచరుడే. అయినా ఆ రోజు ఈయన చెయ్యి అతని మొహానికి తగిలిందని చెప్పుకుంటారు. క్వీన్స్‌లాండ్ 20-10తో గెలిచింది. ఆ పోటీ ఇప్పటికీ ఏటా జరుగుతూనే ఉంది. 2003లో బీట్సన్‌ను ఆ ఆటలోని 'అమరుల' జాబితాలో ఏడోవాడిగా చేర్చారు. 2011 డిసెంబరు 1న సైకిల్ తొక్కుతూ గుండె ఆగి చనిపోయాడు.

ఇదంతా ఎక్కడో సముద్రాల అవతలి సంగతనుకునేవాళ్ళకు ఒకమాట. 2007లో భువనేశ్వర్ కిస్ బడి ఆదివాసీ పిల్లలు నాలాంటి కోలబంతితోనే లండన్ పోయి పద్నాలుగేళ్ళలోపు రగ్బీ పోటీ గెలుచుకొచ్చారు. గూడూరులో రైలెక్కితే భువనేశ్వర్ ఒక్క రాత్రి పైచిలుకు దూరం.

ఆ ముసురు రోజు తర్వాత సారు బదిలీ అయ్యాడు. నేను మళ్ళీ బీరువా చేరాను, గాలి సగం దిగిపోయింది. కొత్తగా వచ్చిన సారుకు ఇదే నా మనవి. పంపు బళ్ళోనే ఉంది, సూది బజారులో దొరుకుతుంది. పెద్ద గ్రౌండు అక్కర్లేదు, కబడ్డీ కోర్టు పక్కనున్న ఇసుకనేల చాలు. మొదట పట్టి పడెయ్యడం వద్దు, తాకితే ఆగే టచ్ రగ్బీ ఆడించండి, దెబ్బలు తగలవు. ఆడపిల్లలనూ దించండి. జట్లు వేసేటప్పుడు కాలనీ పిల్లలను ముందు పిలవండి, చివర్లో మిగిలినవాళ్ళుగా కాదు.