రెండు జీబీల బాబాయ్

ప్రతి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనూ ఒక ఈవీఎం బాబాయ్ ఉంటాడు. మామూలు రోజుల్లో గుడ్‌మార్నింగ్ పువ్వులతో సరిపెట్టుకుంటాడు. ఓట్ల లెక్కింపు ముగిసి తన పార్టీ ఓడిందో, ఆ సాయంత్రానికల్లా ఫోను వేడెక్కుతుంది. గెలిస్తే? అది చారిత్రక ప్రజాతీర్పు.

ఈవీఎం హ్యాకింగ్ వీడియోని వీడియోలా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుందనీ, లోపలి చిప్పు మసకబారి కుట్ర సరిగ్గా కనబడదనీ బాబాయ్ బాధ. 2022లో డాక్యుమెంటు కింద 2 జీబీల దాకా పంపే వీలొచ్చాక ఆయనకిక పట్టపగ్గాల్లేవు. నాలుగో అంతస్తు మామ్మగారి ఫోనులో మనవడి అన్నప్రాశన ఫొటోలకు చోటు లేదు. ఒకే వీడియో నాలుగు పేర్లతో తిష్ఠ వేసింది.

అది 2006లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు తీసింది. డీబోల్డ్ కంపెనీ యంత్రంలోకి వైరస్ ఎక్కించి చూపించారు. అదేమో టచ్‌స్క్రీన్ ఉన్న అమెరికా యంత్రం, మన బెల్, ఈసీఐఎల్ వాళ్లు చేసేవి బటన్లు నొక్కేవి. "ఏదైతే ఏంట్రా, కరెంటు మీదేగా నడిచేది" అంటాడు బాబాయ్. మనవి బ్యాటరీతో నడుస్తాయి. ఆ మాట ఎవరూ అనరు. అంటే ఇంకో వీడియో వస్తుంది.

నిజానికి గట్టి సరుకు మన హైదరాబాదులోనే ఉంది. 2010లో ఇక్కడి ఇంజనీరు హరిప్రసాద్, అమెరికా ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్ నిపుణుడు రాప్ గొంగ్రైప్ కలిసి మన ఈవీఎంనే విప్పారు. ఫలితం చూపించే డిస్‌ప్లే బోర్డు పీకేసి, అచ్చం అలాంటిదే ఒక దొంగ బోర్డు బిగించి, ఫోను నుంచి బ్లూటూత్‌తో అంకెలు మార్చి చూపించారు. యంత్రం దొంగిలించారన్న కేసులో ఆ ఆగస్టులో హరిప్రసాద్‌ను అరెస్టు కూడా చేశారు. ఇంత కథా బాబాయ్‌కి చప్పగా ఉంటుంది. యంత్రం చేతికి చిక్కాలి, మూత తీయాలి, బోర్డు మార్చాలి... ఎవరిక్కావాలి ఈ మెకానిక్కు పని? ఆయనకు ఉపగ్రహం కావాలి.

పెద్దల అండ కూడా ఉందాయె. 2019 ఎన్నికల ముందు చంద్రబాబు మొదలుకొని 21 పార్టీల నాయకులు సగం వీవీప్యాట్ చీటీలైనా లెక్కించమని సుప్రీంకోర్టుకెళ్లారు. అసెంబ్లీ స్థానానికి ఐదు యంత్రాలు చాలంది కోర్టు. 2024లో ఓడాక కాగితం బ్యాలెట్ కావాలన్నది జగన్. అపార్ట్‌మెంటులోనూ అంతే, బాబాయ్ పదవి 2019లో బి-బ్లాకుది, 2024లో ఎ-బ్లాకుది. ఫైళ్లు మాత్రం అవే! అప్పట్లో పడీపడీ నవ్విన ఎ-బ్లాకాయన ఒక్కటీ డిలీట్ చేయకుండా దాచుకున్నాడు మరి.

ఓటేశాక వీవీప్యాట్ అద్దం వెనక చీటీ 7 సెకన్లు కనబడుతుంది. యంత్రాన్ని బాబాయ్ స్వయంగా పరీక్షించగలిగేది ఆ కాసేపే.

"చీటీలో మన గుర్తే పడిందా బాబాయ్?" అనడిగాడు అన్నగారబ్బాయి.

"ఎక్కడ్రా చూసింది! ఫోను లోపలికెందుకు తేకూడదో చెప్పమని ఆ ఆఫీసరుతో గొడవేసుకుంటుంటేనూ!"